ఐదుకీ ఆరుకీ మధ్య

మూడు వారాల క్రితం ఒక మధ్యాహ్నం, భన్‌పురి చౌరస్తాలో లారీల వెనక ఇరుక్కుని ఉండగా, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అవతలి మనిషి నేరుగా తెలుగులో మొదలుపెట్టాడు.

"బాబూ, మీరు మా అక్కతో ఒకే ఆఫీసులో పన్జేసినోరు గదా? అక్క పోనాది. మొన్న శుక్రారం."

ఏ అక్క అని అడిగే అవసరం రాలేదు. ఆ యాసలో మాట్లాడే మనిషి మా ఆఫీసులో ఒక్కరే ఉండేవారు.

"పదకొండో రోజుకి సుట్టాలందరూ వస్తారు," అన్నాడాయన. "అక్క వీడియో ఏదైనా టీవీలో పెడదామని పిల్లలు అంటన్నారు. ఇంట్లో ఉన్నవన్నీ ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లవి. అందులో అక్క ఎక్కడో ఎనకాల గరిటె అట్టుకుని ఉంటాది. మీరు ఆఫీసంతా గంటలు గంటలు వీడియో తీసినారని సెప్పేది. ఉంటే పంపండి బాబూ."

వెతికి పంపుతానన్నాను. గంటలు గంటలు తీసిన మాట నిజమే. మేము పని చేసే పద్ధతి మీద ఏడు భాగాల వీడియో సిరీస్ తీశాం. వాటిని కూర్చింది నేను. అందువల్ల వెతకక ముందే నాకొక సంగతి తెలుసు. ఆ ఏడింటిలో ఆమె ఒక్క చోటా లేదు.

*

రాయ్‌పూర్ చుట్టుపక్కల బియ్యం మిల్లులకీ, అటుకుల మిల్లులకీ, ఇనుప కమ్మీల ఫ్యాక్టరీలకీ పేర్లు, బొమ్మలు, సంచుల మీద అచ్చు తయారుచేసి ఇచ్చే ఆఫీసు మాది. పదకొండు మందిమి. మెకానికల్ డిప్లొమా అయ్యాక, డ్రాయింగ్ చేతిలో ఉందని నన్ను తీసుకున్నారు. సంచుల కొలతలు, కెమెరా, కేబుళ్లు, ఎవరికీ అక్కర్లేని పనులన్నీ నావి.

ఆమె ఉద్యోగం పేరు ప్రొడక్షన్. కంప్యూటరులో గీసిన బొమ్మ భన్‌పురిలోని సంచుల ఫ్యాక్టరీకి వెళ్లి, అచ్చయి, నిజం సంచిగా వచ్చేదాకా వెంట ఉండటం ఆమె పని. యాభై దాటిన మనిషి. అందరూ దీదీ అనేవారు. నేను తెలుగువాడినని తెలిసిన రోజున నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"ఇంట్లో పిల్లలు హిందీ. బజార్లో హిందీ. ఇక్కడ దీదీ, దీదీ. నువ్వొక్కడివైనా నన్ను పిన్ని అని పిలు గుంటడా."

మా ఇంట్లో ఖమ్మం తెలుగు. ఆమెది పార్వతీపురం వైపు నుంచి రైల్వే క్వార్టర్లకు చేరిన తెలుగు. మాట అందని చోట మేమిద్దరం హిందీలోకి దిగి, పని అయ్యాక మళ్లీ పైకొచ్చేవాళ్లం.

కళ్లద్దాలు మెడలో వేలాడేవి. వాటికి కట్టిన తాడు బస్తా మూతి కుట్టే దారం, తెల్లదీ ఎర్రదీ కలిపి పేనినది. ఆఫీసుకు నిండు బస్తా వస్తే మేము కత్తెర కోసం వెతికేవాళ్లం. ఆమె వచ్చి కుట్టు రెండు చివర్లూ వేలితో తడిమి, ఒక చివర దారాన్ని పట్టుకుని లాగేది. మూతి మొత్తం జర్రున విడిపోయేది. రెండో చివర లాగితే ఒక్క కుట్టు కూడా కదలదు. గొలుసు కుట్టు అల్లిక అది, పూర్తయిన వైపు నుంచే విడుతుందని నేను కాగితం మీద గీసి చూపించాను. ఆమె ఆ గీతను శ్రద్ధగా చూసింది.

"బాగుంది. నాకు ఇంత కష్టమని తెలీదు," అంది.

కొత్త డిజైను కాగితం చేతికొస్తే మెట్లు దిగి కింద టీ కొట్టు దగ్గరికి వెళ్లేది. టీ అతనికి కాగితం తలకిందులుగా చూపించి, "క్యా దిఖా?" అని అడిగేది. ఏం కనబడింది అని. అతను "మామిడికాయ" అన్నాడంటే, అది మామిడికాయ కాకపోతే, డిజైనరు బల్ల మీద ఆ కాగితం తిరిగొచ్చి పడేది. పైన పెన్సిలుతో ఒకటే మాట, హిందీలో, "ఆమ్". ఒక డిజైనరు అడిగాడు, తలకిందులుగా ఎందుకు దీదీ అని. బస్తా దించే హమాలీ నీ బొమ్మ నిటారుగా ఉందో లేదో చూసి దించుతాడా అంది.

ఇవన్నీ నాకు అర్థమైన అలవాట్లు. అర్థం కానిది ఒకటే. ఆమె మధ్యాహ్నం అన్నం కుర్చీలో కూర్చుని తినేది కాదు, బస్తా మీద కూర్చుని తినేది.

ఏ బస్తా పడితే ఆ బస్తా కాదు. కొత్త డిజైను అచ్చు వేయించి, నూకలు నింపించి, భన్‌పురి నుంచి ఆటోలో తెచ్చుకున్న నమూనా బస్తా. దాన్ని కిటికీ కింద పడుకోబెట్టి, దాని మీద చతికిలబడి, కేరేజీ విప్పేది. పప్పన్నం, వేయించిన ఎండుమిరపకాయ, గురువారం అయితే చేప. ఇరవై నిమిషాలు. లేచి, వెనక్కి తిరిగి, తల కాస్త పక్కకు వంచి బస్తాను ఒకసారి చూసి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లేది.

"పిన్నీ, కుర్చీలున్నాయి కదా?"

"కుర్చీకి నడుం నొప్పి."

"మరి బస్తాకి?"

"బస్తాకి నడుమే లేదు."

ఇంకోసారి అడిగితే, అన్నం తినేటప్పుడు బియ్యానికి దగ్గర్లో ఉండాలంది. మూడోసారి, నీ పెళ్లయినాక సెప్తానంది. నేను ఒప్పుకోలేదు. నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఏ రోజు కూర్చుంది, ఏ బస్తా, ఎంతసేపు. నెల తర్వాత నా దగ్గర రెండు నిజాలు తేలాయి. పాత డిజైను బస్తా మీద ఎప్పుడూ కూర్చోదు. లేచాక వెనక్కి చూడకుండా ఎప్పుడూ వెళ్లదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని మాత్రం నాకు తట్టలేదు.

*

సిరీస్ ఆలోచన మా సర్‌ది. ముంబై వెళ్లొచ్చి, అక్కడి పెద్ద ఆఫీసులు తమ పనిని తామే వీడియోలు తీసి పెడుతున్నాయని చెప్పారు. మనమూ తీద్దాం, మన సోచ్, అంటే మన ఆలోచన, జనానికి కనబడాలి అన్నారు. మొదటి భాగానికి విషయం చిలక బ్రాండు బియ్యం. ధర్సీవా దగ్గర మిల్లు, అప్పటికి మాకు వచ్చిన వాటిలో పెద్ద పని. కొత్త సంచులు దుకాణాలకు చేరే రోజునే మొదటి భాగం విడుదల కావాలి.

మన పని ఎన్ని మెట్లో ఒక జాబితా రాసుకురా అని నాకు చెప్పారు. నాకు అంతకన్నా ఇష్టమైన పని లేదు. రెండు రోజుల్లో తెల్ల బోర్డు మీద రాశాను. ఒకటి, వినడం. రెండు, వెతకడం. మూడు, ఊహించడం. నాలుగు, గీయడం. ఐదు, ఒప్పించడం. ఆరు, అచ్చు వేయడం. చదివి వినిపిస్తే సర్ బల్ల మీద చరిచారు. ఆరు మెట్లూ వీడియోలో ఆరు అధ్యాయాలన్నారు. ఇకనుంచి ఆఫీసు పని కూడా ఈ వరసలోనే నడుస్తుందన్నారు.

పిన్ని బోర్డు ముందు చాలాసేపు నిలబడింది.

"ఇందులో నాను ఎక్కడున్నాను?"

"ఆరోది పిన్నీ. అచ్చు."

"ఆరోది మిషను సేత్తాది. నాను ఐదుకీ ఆరుకీ మజ్జిన ఉంటాను."

"మధ్యలో ఏం చేస్తావో చెప్పు, రాస్తాను."

ఆమె కాసేపు నిజంగానే ఆలోచించింది. "తింటాను," అంది.

నవ్వేశాం. జాబితా అలాగే ఉండిపోయింది.

షూటింగు రోజున అద్దం గోడ మీద రంగు కాగితాలు అంటించే దృశ్యం తీశాం. డిజైనర్లు అప్పుడే తట్టినట్టు "తోతా!" అని రాసి అంటించాలి. చిలక బొమ్మ గీయడం అయిపోయి అప్పటికి నెల. పిన్ని గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏటిది? పెళ్లయి పిల్లలు పుట్టినాక పెళ్లిసూపులా?"

"షూటింగు పిన్నీ. జరిగినట్టు చూపించాలి."

"జరిగింది జరుగుతున్నప్పుడే తీయొచ్చు గదా."

ఆ రోజే ఆమె చిలక నమూనా బస్తా తెచ్చింది. అన్నం వేళకు కిటికీ కింద పెట్టుకుని కూర్చుంది. సరిగ్గా ఆ కిటికీ వెలుతురులోనే నేను సర్ మాటలు తీయాలి. ఫ్రేములో ఒక మూల బస్తా, దాని మీద కేరేజీ పట్టుకున్న పిన్ని. లేవమన్నాను. లేచింది. బస్తాను నేనే ఈడ్చుకెళ్లి మెట్ల కింద పడేశాను. ఆ తర్వాత వెలుతురు పోయేదాకా సర్ ఆలోచన గురించి మాట్లాడారు. మధ్యాహ్నమే మిల్లువాళ్ల ఒప్పుకోలు వచ్చింది. ఐదో మెట్టు అయింది కాబట్టి, జాబితా ప్రకారం, డిజైనరు ఫైలును నేరుగా ఆరో మెట్టుకి, అచ్చుకి, పంపేశాడు. సాయంత్రం నేను మిల్లు బయటి దృశ్యాలు తీయడానికి ధర్సీవా వెళ్లాను. నేను లేనప్పుడు పిన్ని రెండుసార్లు నా బల్ల దగ్గరికి వచ్చి వెళ్లిందని మర్నాడు ఎవరో చెప్పారు.

మర్నాడు ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు మొదలయ్యేసరికే ఆమె భన్‌పురిలో ఉంది. అచ్చు మిషను ఆపించింది. అప్పటికే రాత్రి షిఫ్టులో ఎనిమిది వేల సంచులు అయిపోయాయి. నాకు వీడియో కాల్ చేసి, నింపిన బస్తాలు నాలుగు ఒకదాని మీద ఒకటి పెట్టించి, ఫోను వాటి వైపు తిప్పింది.

"సూడు."

సంచిని పరిచి కొలిచాను నేను. పరిచిన సంచి మీద చిలక చక్కగా ఉంది, ముక్కు ఎడమ అంచుకు రెండు సెంటీమీటర్ల దూరంలో. నింపితే సంచి గుండ్రమవుతుంది, అంచు పక్కకు తిరుగుతుంది. పైన బరువు పడితే ఇంకా తిరుగుతుంది. ఆ నాలుగు బస్తాల మీద నాలుగు పచ్చటి మెడలు కనిపించాయి. తల ఒక్కదానికీ లేదు. బియ్యం సంచి మీద మెడ తెగిన చిలక, పండగ సరుకు దిగే వారంలో.

మీటింగు పెట్టారు. మిల్లు సేఠ్ స్పీకర్ ఫోనులో ఉన్నాడు. అరవలేదు. "తోతే కా సిర్ కహా గయా, భయ్యా?" అని, చిలక తల ఎటు పోయిందని, మూడుసార్లు అడిగాడు, నిజంగా తెలుసుకోవాలని ఉన్నట్టు. ఫోను పెట్టేశాక సర్ పిన్ని వైపు తిరిగారు.

"దీదీ, నమూనా ఆప్ కే పాస్ థా. ఆప్ నే దేఖా నహీ?"

నమూనా మీ దగ్గరే ఉంది, మీరు చూడలేదా అని. ఆమె కళ్లద్దాల దారాన్ని వేలికి చుట్టుకుంది.

"మై బైఠీ నహీ, సర్," అంది. నేను కూర్చోలేదు సర్.

కూర్చోకపోవడమేమిటని సర్ అడిగారు. గదిలో ఎవరికీ అర్థం కాలేదు. నాకు ఆ క్షణంలో అర్థమైంది. నోటు పుస్తకంలోని రెండు నిజాలూ కలుసుకున్నాయి. కొట్టులో పై వరస బరువు మోసే బస్తా ఎలా కనబడుతుందో, ఆమె తన బరువు వేసి చూసుకుంటుంది. ఆమెను లేపింది నేను. ఆ ముక్క చెప్పడానికి పది సెకన్లు చాలు. నేను నీళ్ల సీసా మూత బిగిస్తూ, విప్పుతూ కూర్చున్నాను.

మీటింగు అయ్యాక నన్ను మెట్ల కిందికి తీసుకెళ్లింది. నమూనా బస్తా ఇంకా అక్కడే ఉంది.

"కూకో."

కూర్చున్నాను.

"లే. ఎనక్కి సూడు."

చూశాను. చిలక తల పక్కకు వెళ్లిపోయి ఉంది.

"పిన్నీ, నిన్న లేపింది నేనే కదా. సర్‌కి చెప్తాను."

"ఏటని సెప్తావు? నీది ఇంకా పక్కా ఉద్యోగం కాదు. నాది పక్కా." బస్తా చెవిని పట్టుకుని సర్దింది. "ఆ బోర్డు మీద రాసుకో, అది సాలు."

బోర్డు మీద ఐదుకీ ఆరుకీ మధ్య ఇరికించి రాశాను. "ఐదున్నర, కూర్చోవడం." సర్ సాయంత్రం చూసి, చూసినవాళ్లు నవ్వుతారని చెరిపేశారు. ఎందుకు రాశానో నేను చెప్పలేదు. అప్పుడు కూడా చెప్పలేదు.

చిలకను మధ్యకు జరిపి, కొత్త సంచులతో మొదటి భాగం రెండు వారాలు ఆలస్యంగా విడుదల చేశాం. ఎంత స్పష్టమైన పద్ధతి అని కింద చాలామంది రాశారు. భన్‌పురి పని పిన్ని దగ్గర నుంచి తీసి డిజైనర్లకు ఇచ్చారు. నిండిన సంచి ఎలా ఉంటుందో కంప్యూటరే చూపించే సాఫ్ట్‌వేర్ కొన్నారు. ఆమెను పాత ఫైళ్లు సర్దే బల్లకు మార్చారు. అక్కడ కొత్త బస్తాలు ఉండవు. ఆమె కుర్చీలో కూర్చుని తినడం నేను మొదటిసారి అప్పుడు చూశాను. తిని లేచి, వెనక్కి తిరిగి, ఖాళీ కుర్చీని చూసేది. ఏడాది తిరగకుండానే పక్కా ఉద్యోగం తనే మానేసింది. నాది అప్పటికి పక్కా అయింది.

*

ఫోను వచ్చిన రోజు ఇంటికెళ్లి పాత హార్డ్ డిస్కు తీశాను. సిరీస్ ఫోల్డర్లు ఏడు. ఎనిమిదోది "పనికిరానివి". కెమెరా ముందుగా ఆన్ అయిపోయినవి, ఫోకస్ కుదరనివి అందులో ఉన్నాయి. మూడో గంటకు ఆమె దొరికింది. పదకొండు సెకన్లు.

స్టాండు మీద కెమెరా, ఎవరూ సరిచేయని ఫ్రేము. కిటికీ వెలుతురు. చిలక బస్తా మీద పిన్ని, ఒళ్లో కేరేజీ, అప్పటికి సగం ఖాళీ. ఎవరో పిలిచినట్టు తలెత్తి చూసింది. లేచింది. వెనక్కి తిరిగింది. తల పక్కకు వంచింది. ఇక్కడిదాకా నాకు గుర్తున్నదే.

షూటింగులో మేము వాడింది సర్ చొక్కాకు పెట్టిన మైకు. కెమెరా సొంత మైకులో ఏం పడిందో నేనెప్పుడూ వినలేదు. ఈసారి విన్నాను.

"ఉండు గుంటడా, సిలక ముక్కు పక్కకెల్లిపోనాది, సూడు..."

దాని మీదే ఇంకో గొంతు, కెమెరాకు బాగా దగ్గరగా. "తర్వాత, పిన్నీ, తర్వాత. వెలుతురు పోతోంది." ఒక చెయ్యి ఫ్రేములోకి వచ్చి, బస్తా చెవి పట్టుకుని ఈడ్చుకుపోయింది. పిన్ని కేరేజీతో ఖాళీ నేల మీద నిలబడి ఉంది. అయిపోయింది.

ఆమె కూర్చుంది. చూసింది. చెప్పింది కూడా. మీటింగులో మాత్రం కూర్చోలేదంది. ఇన్నేళ్లూ నేను ఆమెను కూర్చోనివ్వలేదనే అనుకున్నాను.

పంపడానికి మూడు దారులు రాసుకున్నాను. ఒకటి, ధ్వని తీసేసి పంపడం. రెండు, తల వంచి చూసే దగ్గర కోసేసి పంపడం. ఆరు సెకన్లు మిగులుతాయి, చూడటానికి బాగుంటుంది కూడా. మూడు, ఉన్నది ఉన్నట్టు. మొదటిదానికి రెండు క్లిక్కులు చాలు. రెండోదానికి నాలుగు. ఒక పూట ఆ జాబితా ముందే కూర్చున్నాను. పదకొండో రోజుకు ముందు రోజు మూడోది పంపాను.

సాయంత్రం పిన్ని తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెనకాల ఇంటి నిండా మనుషుల చప్పుడు.

"అందింది బాబూ. పిల్లలు పదిసార్లు సూసినారు. ఇంట్లోనూ అంతే, ఎక్కడ కూకుని లేచినా ఎనక్కి సూసేది. మా నాన్న గూడ్సు షెడ్డులో కలాసీ. అక్క కేరేజీ అట్టుకెళ్లి అక్కడ బస్తాల మీద కూకునేది. లేచినప్పుడల్లా, బస్తా మీద మార్కు సెరిగిపోనాదేటో సూడవే అని నాన్న కసిరీవోడు. ఆ అలవాటు పోలేదు."

నా నోటు పుస్తకానికి దొరకని సంగతి అది. దాన్ని ఇంకోసారి వింటుండగానే రెండో మెసేజ్ వచ్చింది.

"ఒకటి అడగాల బాబూ. అక్క ఏదో సెప్తుంటే, తర్వాత తర్వాత అంటన్నాడే, ఆ గొంతు ఎవరిది?"

రాసి పంపొచ్చు. మైకు గుర్తు నొక్కి, ఆయన రెండు గొంతులనూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి వీలుగా, "నాది" అన్నాను.